సీ ముఫద్దల్ పీఠోత్థాన విజయము

బూసెల్హామ్ అనేవాడొకడున్నాడు. మా అరాయిష్ సంగీతోత్సవానికి కార్యదర్శి. నోట్లో పళ్ళకన్నా జేబులో కలాలు ఎక్కువ. నలభై నాలుగో ఉత్సవం అయ్యాక అతగాడు అచ్చు వేయించిన పుస్తకంలో, పదిహేడో పేజీలో, తన ఫోటో కింద ఇలా రాశాడు: "ఈ సంవత్సరం నాయకత్వ మార్పిడి సజావుగా జరిగింది." అంతే. అటు ముందు చందాదారుల పేర్లు, ఇటు తర్వాత ఐస్ ఫ్యాక్టరీ ప్రకటన, మధ్యలో ఈ ఒక్క వాక్యం. సజావుగానట! ఆ సాయంత్రం నా నడుముకు పట్టిన నొప్పి ఈనాటికీ వంగితే పలుకుతోంది. ఏడు టోపీలు నేలకూలాయి. ఒక వృద్ధసింహం పరువు వెంట్రుకకు వేలాడింది. సజావుగానట!

నేను ఐదో తరగతిలో బడి మానేసి పరుపుల సూది పట్టినవాణ్ణి, నిజమే. కానీ జరిగింది జరిగినట్టు చెప్పడానికి అన్ని కలాలు అక్కర్లేదు. వాడు మింగేసిన యుద్ధాన్ని నేను కక్కిస్తాను. వినండి.

ఓ ఊర్ణాదేవీ! మేషపృష్ఠనివాసినీ! ఉతికిన కొద్దీ తెల్లనై, ఏకిన కొద్దీ పొంగి, ఎందరెక్కి కూర్చున్నా కిక్కురుమనని సహనమూర్తీ! నా నాలుక మీద కాసేపు కూర్చో తల్లీ. ఓ వంకర సూదీ! నా మాట ఎక్కడా కుట్టు తప్పకుండా చూడు.

అది ఆగస్టు మాసము, శుక్రవారము, అపరాహ్ణము దాటి సంధ్య పొంచియున్న వేళ. పడమటి మహాసముద్రంబు తన లవణతరంగహస్తంబులతో అరాయిష్ పురప్రాకారపాదంబుల నొత్తుచుండ, రేవుకడ బొగ్గులపై బడిన సార్డీన్ చేపలు చిటచిటారావంబులతో ధూమధ్వజంబుల నెత్తుచుండ, మూరెడెత్తునుండి గ్లాసులలోనికి దూకు పుదీనా తేనీటి ధారలు నురుగుకిరీటంబులు దాల్చుచుండ, సముద్రపు కాకులు ఈ ఉత్సవనిర్వాహకులము మేమే యన్నట్లు కారణము లేక కేకలు వేయుచుండ, కోట దిగువ మైదానమున పన్నెండు వందల ప్లాస్టిక్ కుర్చీలు, అందు ముప్పదింటికి కాళ్ళు మూడే, చతురంగబలంబువలె బారులు దీరి నిలిచెను. వానికెదురుగ సాగరాభిముఖంబై వేదిక. వేదిక నడుమ పీఠము. పీఠముమీద సీ ముఫద్దల్.

ఆతండెట్టివాడనిన: ఎనుబదియొక్క శీతకాలముల నెదిరించిన వృద్ధమృగేంద్రుండు, రెండే తీగెల రబాబ్ వాద్యమున రెండువేల కన్నీళ్ళు పిండిన కమానుధారి, సూర్యాస్తమయవేళ వాయించు మాయా నౌబా యను పాటలమాలకు ఏకచ్ఛత్రాధిపతి, ముప్పదియొక్క సంవత్సరంబులుగా నొకే పరుపుపై నొకే చోట కూర్చున్న అచలపృష్ఠుండు.

ఆ పరుపు సంగతి ఇక్కడే చెప్పాలి, ఎందుకంటే అది నా శాఖ. నా గురువు కుట్టిన పరుపది. కుట్టినప్పుడు మోకాలెత్తు. ముప్పై ఒక్క ఏళ్ళలో లోపలి ఉన్ని అణిగి అణిగి రొట్టెముక్క అయిపోయింది. ప్రతి వసంతం నేను అడిగేవాణ్ణి.

"సీ ముఫద్దల్, ఒక్క పూట ఇప్పించండి. విప్పి, ఉన్ని ఏకించి, మళ్ళీ కుట్టిస్తాను."

"నువ్వు ఉన్ని మారిస్తే నా శ్రుతి మారుతుంది. పోరా."

ఇదీ జవాబు. నేను వాయించేది తార్, గజ్జెలున్న చిన్న డప్పు. తాళం నాది. పందొమ్మిదేళ్ళుగా ఆయన ఎడమపక్క కూర్చుని ఈ మాట పందొమ్మిదిసార్లు విన్నాను.

ఇక మా ఉత్సవధర్మం. నాయకత్వం చేతులు మారేది మొదటి సాయంత్రమే, అదీ సూర్యుడు సముద్రం మీద కనబడుతుండగానే. పాత నాయకుడు తనంతట తాను లేవాలి. లేవమని ఎవరూ అనకూడదు, చెయ్యి వేయకూడదు. లేచి, రబాబ్‌ను నేలకు తగలనీయకుండా కొత్తవారి చేతిలో పెట్టాలి. కొత్తవారు ఆ చోట కూర్చుని మాయా నౌబాకు మొదటి కమాను లాగాలి. ఈలోగా సూర్యుడు మునిగాడా, ఇంకో ఏడాది పాత నాయకుడే. రాసిపెట్టిన ధర్మం కాదు. రాసి ఉంటే బూసెల్హామ్ ఎప్పుడో కొట్టేసి ఉండేవాడు.

సీ ముఫద్దల్ "ఈ ఏడు దిగిపోతాను" అని వసంతంలో కమిటీ ముందు ప్రకటించడం ఇది నాలుగోసారి. మొదటి ఏడు ఉపన్యాసంలో సూర్యుడు మునిగాడు. రెండో ఏడు గ్రనాడా వెళ్ళొచ్చిన కథ చెప్తుంటే మునిగాడు, ఓడ ఇంకా రేవు దాటనే లేదు. మూడో ఏడు తేనీరు తాగుతుంటే మునిగాడు. ప్రతిసారీ ఆయన ఆకాశం వంక చూసి, "దేవుడు ఈ ఏటికి కూడా నన్నే ఉంచాడు" అని గడ్డం నిమురుకునేవాడు. ఊరంతా పళ్ళు నూరేది. పీఠం పట్టుకుని వేలాడుతున్నాడనేది. నేనూ అన్నాను, దాచడమెందుకు.

ఆ పీఠమునకు వారసురాలు లల్లా తురయ్యా (మగవారికి సీ, ఆడవారికి లల్లా, మా ఊరి మర్యాద). ఏబదితొమ్మిదేండ్ల ఔషధవిక్రయధురీణ, పగలు రేవు వీధిలో మందుల కొట్టు, సాయంకాలము తొడమీద నిలువబెట్టిన వయొలిన్, మాయా నౌబాలోని పాటలన్నియు నొక్క పంక్తియు పొల్లుపోక కంఠస్థముగా నున్న ఇరువురిలో నొకతె. రెండవవాడు పీఠముమీదనే యుండె. ఆమె పోతే మా ఉత్సవంలో మాయా నౌబా ఆయనతోనే పోతుంది. ఆ సాయంత్రం వేదిక వెనక తీగలు సరిచూసుకుంటూ ఆమె నాతో అంది:

"మేస్త్రీ, తెత్వాన్ వాళ్ళు తమ బృందానికి నాయకత్వం వహించమని కబురంపారు."

"ఏమన్నారు మీరు?"

"రేపు చెప్తానన్నాను. పొద్దున పదింటి బస్సుకి టికెట్ పర్సులో ఉంది. ఆయన లేస్తే చింపేస్తాను. లేవకపోతే ఎక్కేస్తాను. నాలుగేళ్ళు ఎవరైనా వంటగది గుమ్మంలోనైనా నిలబడతారా?"

అదిగో, అదీ ఆ రోజు పందెం.

సూర్యుడు సముద్రమునకు మూరెడెత్తున నున్నప్పుడు ప్రథమసమరమారంభమయ్యె. బూసెల్హామ్ మైకు పట్టుకున్నాడు. లేవమని అనకూడదు. కానీ అనకుండా ఎలా అనాలో వాడికి తెలియదు.

"మాన్య నాయకులు సీ ముఫద్దల్ గారు ఇప్పుడు, అంటే ఈ శుభవేళ, వారికి ఏది తోస్తే అది... అంటే తోచాలని కాదు... సూర్యుడు కూడా చూడ చక్కగా..."

"ఇలా తే ఆ మైకు," అన్నాడు సీ ముఫద్దల్.

అంతట నా వృద్ధసింహంబు కంఠనాళంబు సవరించుకొని, పన్నెండు వందల కుర్చీలు దద్దరిల్ల, ఇట్లు గర్జించెను:

"అరాయిష్ ప్రజలారా! నేను ఈ పీఠమెక్కిన నాడు ఈ మైదానంలో కుర్చీలు లేవు, చాపలుండేవి! మైకు లేదు, ఊపిరుండేది! వర్షం కురిసిన ఏడు రబాబ్‌ను నా అంగీలో చుట్టి నేను తడిశాను, అది తడవలేదు! నాయకుడంటే ఎవడు? పాట మొదలుపెట్టేవాడా? కాదు! పదిమంది పది దారులు పడితే పదకొండో దారి వెయ్యనివాడు! ఈనాడు మీ అందరి సమక్షంలో నేను..."

జనం ఊపిరి బిగబట్టారు. తురయ్యా వయొలిన్ మెడ గట్టిగా పట్టుకుంది.

"...నేను మీకు గ్రనాడా ప్రయాణం సంగతి సగంలో ఆపాను."

మూలుగు ఒకటి మొదటి వరస నుంచి చివరి వరస దాకా ప్రయాణించింది. చేపలు కాల్చే ఒకడు పొగలోంచి అరిచాడు:

"సీ ముఫద్దల్, సూర్యుడికి ఆ కథ పోయిన సారే తెలిసింది! అందుకే వెళ్ళిపోతున్నాడు!"

"ఉంటే ఉంటాడు, పోతే పోతాడు. నీ చేప మాడుతోంది చూసుకో!"

అట్లు ప్రథమసమరంబున ఓడ రేవు దాటెను. సూర్యుండు గ్రనాడా ఖర్చుకు ఆరు వేళ్ళు దిగెను. నాయకుండు మాత్రము దిగడయ్యె.

అయితే బూసెల్హామ్‌ను తక్కువ అంచనా వేయకూడదు. వాడు రెండో బాణం దాచిపెట్టుకునే వచ్చాడు. మైదానం పక్క రోడ్డు మీద కారొకటి ఆగింది. అందులోంచి లల్లా రహ్మా దిగింది. సీ ముఫద్దల్‌కు అక్క. తొంభై ఏళ్ళు. ఆయన లోకంలో భయపడే ఒకే ఒక్క మనిషి. పెద్దవాళ్ళు వస్తే మా దగ్గర రాజైనా లేచి నిలబడాల్సిందే. ఒకసారి ఆయన లేచాడంటే తురయ్యా చటుక్కున కూర్చుంటుంది. ఇదీ బూసెల్హామ్ పన్నాగం. ఒప్పుకుంటాను, బాగుంది.

ఊతకర్రయే రాజదండముగా, తెల్లని మేలిముసుగే విజయపతాకగా, కుర్చీల నడుమ తెరువు తనంత తాను చీలుచుండ, ఆ నవతివర్షీయ నడిచివచ్చెను. ప్రతి అడుగునకును సూర్యుండొక గోరంత దిగెను. ఆమె తొందరపడలేదు. ఆమె ఎప్పుడూ తొందరపడలేదు. వేదిక ముందుకొచ్చి ఆగింది.

"ఒరే తమ్ముడూ!"

"అక్కా!"

అప్పుడు చూశాను నేను. పక్కనే ఉన్నాను కాబట్టి నాకొక్కడికే కనిపించింది. ఆయన రెండు అరచేతులు పరుపులోకి దిగబడ్డాయి. మెడ నరాలు ఉబ్బాయి. నుదుట చెమట పట్టింది. పిరుదులు పరుపు మీద నుంచి రెండు వేళ్ళు లేచాయి. గడగడ వణికాయి. మళ్ళీ దిగిపోయాయి.

"కూర్చో నాన్నా, కూర్చో," అంది లల్లా రహ్మా చెయ్యి ఊపుతూ. "నాకోసం లేవకు. చూసి పోదామని వచ్చాను."

జనం చప్పట్లు కొట్టారు. బూసెల్హామ్ మైకుకు తల కొట్టుకున్నాడు. ఆ చప్పుడు మైదానమంతా వినబడింది. ఆమెకు ముందు వరసలో కుర్చీ వేశారు. దానికి కాళ్ళు నాలుగూ ఉన్నాయో లేవో ముగ్గురు చూశారు.

నేను ఆయన చెవి దగ్గరికి వంగాను.

"సీ ముఫద్దల్, మీరు లేవబోయారు."

"లేదు."

"లేవబోయారు. చూశాను."

"చూస్తే నోరు మూసుకో."

పెదవులు కదపకుండా, సముద్రం వైపే చూస్తూ అన్నాడు: "ఒరేయ్ అయాషీ. కాళ్ళు రావట్లేదురా."

"ఎప్పట్నుంచి?"

"నాలుగేళ్ళ నుంచి. కూర్చోవడం వస్తుంది, లేవడం రాదు. ఈ పరుపు బావి అయిపోయింది."

"మరి కచేరీ అయ్యాక ఎలా లేస్తున్నారు?"

"అందరూ పోయేదాకా తీగలు తుడుస్తున్నట్టు కూర్చుంటాను. తర్వాత అల్లుడొచ్చి చంకల కింద చేతులేసి లాగుతాడు."

నాలుగేళ్ళ గ్రనాడా, నాలుగేళ్ళ తేనీరు ఒక్కసారిగా కళ్ళ ముందు తిరిగాయి.

"అయితే ప్రతి ఏడూ ఇచ్చేద్దామనే..."

"ఇచ్చేద్దామనే కూర్చున్నాను. లేవబోతే రాలేదు. ఏం చేయను? పన్నెండు వందల మంది ముందు గోనెబస్తాలాగా లాగించుకోనా? పీఠం పట్టుకు వేలాడుతున్నాడని అనుకోనీ. చచ్చేదాకా అనుకోనీ. ముసలాడికి లేవడం చేతకాలేదని మాత్రం ఒక్కడు అనకూడదు."

"అలాగే అనుకుని ఆవిడ వెళ్ళిపోతోంది."

"ఎక్కడికి?"

"తెత్వాన్. రేపు పొద్దున బస్సుకి. నాయకురాలిగా."

ఆయన మెడ మొదటిసారి నా వైపు తిరిగింది. "తెత్వాన్ వాళ్ళకా? మాయా నౌబాను చక్కెర పాకంలో ముంచి వాయించే వాళ్ళకా?" మళ్ళీ సముద్రం వైపు తిరిగాడు. సూర్యుడు నీటికి జానెడు మీద ఉన్నాడు. "అయాషీ, నన్ను ముట్టుకోకుండా లేపగలవా?"

"మిమ్మల్ని ముట్టుకోను, సీ ముఫద్దల్. పరుపును ముట్టుకుంటాను."

అంతట నాకు మెదిలిన ఉపాయమెట్టిదనిన, లుక్కోస్ నది మొగయందు ఆటువేళ బురదలో కూరుకొనిన పడవను పోటు వచ్చి వేలువేలుగా నెత్తునట్లు, నిమ్నగతంబైన ఆ పీఠమును అడుగునుండి నింపి నింపి, అందుపై నున్న నాయకుని లేచుట కనుకూలమగు నున్నతికి గొనిపోవుట. నేను అవతలికి ఒంగి తురయ్యాను పిలిచాను.

"లల్లా, ఆలాపన ఎత్తుకోండి. తాళం లేనిది. మీ ఊపిరి ఎంత సాగితే అంత సాగదీయండి."

"ఎందుకు?"

"తాళం ఉంటే నా చేతులు డప్పు మీద ఉండాలి. ఇప్పుడు చేతులు ఖాళీ కావాలి."

"ఏం చేయబోతున్నావు మేస్త్రీ?"

"ఉన్ని మారుస్తున్నాను."

ఆమె ఆయన మోకాళ్ళ వంక చూసింది. నా వంక చూసింది. తర్వాత నెమ్మదిగా అంది: "నెలకి రెండు గొట్టాలు మోకాళ్ళ తైలం పట్టుకెళ్తాడు. గాడిదకని చెప్తాడు."

"ఆయనకు గాడిద లేదు."

"నాకిప్పుడు తెలిసింది," అని వయొలిన్ తొడమీద నిలబెట్టింది.

ఆహా! ఆమె కమాను తీగపై నడిచిన క్షణమున మైదానమంతయు నిశ్శబ్దించెను. సముద్రపు కాకులు సైతము నోరు మూసెను. లయబంధవిముక్తంబై, అనంతాకాశవిహారియై, ఆ ఆలాపన సాగెను, సాగెను, సాగుచునే యుండెను. అందరి కళ్ళూ ఆమె మీద. నేను డప్పు పక్కన పెట్టి, పాము లాగా పీఠం వెనక్కి జారాను.

కత్తెర లేదు. పళ్ళతో వెనక కుట్టు తెంపాను. ముప్పై ఒక్క ఏళ్ళ దుమ్ము ముక్కులోకి పోయింది. తుమ్ము వచ్చింది. ఆ తుమ్మును నేను ఎలా దిగమింగానో నా జాతకంలో ఎక్కడా రాసిపెట్టి లేదు. మొదట నా పొడుగు అంగీ విప్పి లోపలికి తోశాను. ఒక వేలెత్తు.

"ఏం చేస్తున్నావయ్యా?" అని ఊద్ వాయించేవాడు గుసగుసగా అడిగాడు.

"నీ అంగీ ఇలా ఇవ్వు."

"లోపల చొక్కా చిరిగింది."

"పాట పోతే నీ చొక్కా ఎవడు చూస్తాడు? ఇవ్వు!"

ఇచ్చాడు. నిజంగానే చిరిగింది. అదీ తోశాను. ఇంకో వేలు. వెనక వరసలో వాళ్ళకు సంగతి ఎలా పాకిందో నాకు తెలీదు. సంగీతగాళ్ళకు నోటితో చెప్పనక్కర్లేదు. అంగీలు చేతులు మారుతూ వచ్చాయి. ఉత్తరీయంబులు వచ్చెను. అరుణవర్ణశోభితంబులు, నీలతంతుకుచ్చాలంకృతంబులు నగు టోపీలు ఏడు, నెత్తులనుండి నేరుగా రణభూమికి దిగి, అకాలమృత్యువు వాతబడి చపాతీలై నేలకూలెను. పసుపుపచ్చ చెప్పులు పన్నెండు జతలు వచ్చెను. వాటి వాసనను వర్ణింప శక్యముగాదు. బూసెల్హామ్ వేదిక చివర ఏదో జరుగుతోందని పసిగట్టి వంగుకుంటూ వచ్చాడు.

"అయాషీ! ఏంటిది? అందరూ బనీన్లతో కూర్చున్నారేంటి?"

"నీ చేతిలో అవేంటి?"

"నా స్వాగతోపన్యాసం. ఇరవై మూడు పేజీలు."

లాక్కున్నాను. నలిపాను. తోశాను. ఆ ఉపన్యాసం పుట్టిన తర్వాత ఎవరికైనా ఉపయోగపడింది అదొక్కసారే.

అక్కడ ఆయన దిగుచుండె. ఇక్కడ ఈయన ఎక్కుచుండె. సూర్యుండు నీటికి నాలుగు వేళ్ళెత్తున నుండ, నాయకుండు పూర్వస్థితికి నాలుగు వేళ్ళెత్తున నుండె. సూర్యుండు మూడు వేళ్ళకు దిగ, నాయకుండు ఆరు వేళ్ళకెక్కె. అస్తాచలోన్ముఖుండగు నా భాస్కరునకును, ఉత్థానోన్ముఖుండగు నీ కమానుధారికిని నడుమ నా వీపు విల్లువలె వంగి, నా పళ్ళ సందున ఉన్నిపోగులు చిక్కుకొని, నా రెండు చేతులు మోచేతులదాక పీఠగర్భమున మునిగియుండె. పైనుంచి సన్నగా మాట వినిపించింది:

"ఇంకొంచెం కుడివైపు. ఎడమకి వాలుతున్నాను."

"కుడివైపుకి చెప్పులు వేశాను."

"గట్టిగా ఉన్నాయి. టోపీ లేదా?"

"టోపీలు అయిపోయాయి సీ ముఫద్దల్!"

"సరే, చెప్పులే కానీ."

తురయ్యా ఆలాపన చివరి మలుపులో ఉంది. నా వైపు ఒక చూపు చూసింది. నాకా చూపు అర్థమైంది: ఇక సాగదు. నేను తలపాగా విప్పాను, మా ఆవిడ పెళ్ళినాడు కట్టిన గుడ్డ, పదకొండు మూరలు. మొత్తం కుక్కాను. భుజంతో నెట్టాను. ఇప్పటికీ పలికే ఆ నడుము అప్పుడే పలికింది.

జానెడు నాలుగు వేళ్ళు.

"లేవగలరా?"

"నోర్ముయ్, లేవమని అడగకూడదు," అన్నాడు. లేచాడు.

ఆహాహా! ఏమని వర్ణింతును! ఎవ్వరి హస్తంబును సోకక, ఎవ్వరి మాటయు వినక, తనంత తాను, సాయంసంధ్యారక్తిమలో తాళవృక్షంబువలె నిటారుగ, నాలుగు సంవత్సరంబుల అనంతరము సీ ముఫద్దల్ జనులయెదుట నిలువబడెను! మోకాళ్ళు ఒక్కసారి తటపటాయించాయి, నిలదొక్కుకున్నాయి. మైదానంలో పన్నెండు వందల మంది లేచి నిలబడ్డారు. లల్లా రహ్మా కూడా లేచింది. ఆయన ఆవిడ వైపు చూసి తల వంచాడు. ఆవిడ కళ్ళు తుడుచుకుంది.

"సూర్యుడున్నాడా?" అన్నాడు.

"గోరంత ఉన్నాడు," అంది తురయ్యా.

ఆయన రబాబ్‌ను రెండు చేతులా ఎత్తి ఆమె చేతుల్లో పెట్టాడు. "తీసుకో తల్లీ. ఐదో పాటలో తొందరపడకు."

"తొందరపడేది మీరు, సీ ముఫద్దల్. అదీ ఆరో పాటలో."

"ఉన్న మాటే అన్నావు," అన్నాడు ఆయన, అన్నేళ్ళలో మొదటిసారి ఒప్పుకుంటూ.

ఆమె కూర్చుంది. పదమూడు అంగీల మీద, ఏడు టోపీల మీద, ఇరవై మూడు పేజీల స్వాగతం మీద, మా అందరికన్నా ఒక తల ఎత్తున కూర్చుంది. సముద్రం అంచున సూర్యుడు ఎర్ర దారపుపోగంత మిగిలాడు. ఆమె కమాను లాగింది. ఆ రెండు తీగెలు పలికిన స్వరము పడమటికి పోయి ఆ దారపుపోగును తాకెను. తాకగనే అది మునిగెను. మైదానం ఒక్కసారిగా హోరెత్తింది. ఆమె ఎడమచేత్తో పర్సులోంచి కాగితం తీసి, వాయించడం ఆపకుండానే మోకాలి కింద నొక్కి, రెండు ముక్కలు చేసి గాల్లోకి విసిరింది. ఒక ముక్క బూసెల్హామ్ మీసానికి అంటుకుంది.

విజయము! విజయము! ఒక మనుష్యుడు ఒక పరుపునుండి జానెడు నాలుగు వేళ్ళు పైకి లేచెను. నలువది నాలుగేండ్ల మా ఉత్సవచరిత్రలో ఇంతకు మించిన జయమును కన్నవారు లేరు, కనబోవువారును లేరు.

ఇక ఆచారం ప్రకారం దిగిపోయిన నాయకుడు మూడు మెట్లు దిగి, జనం మధ్య నడిచి, మొదటి వరసలో కూర్చోవాలి. సీ ముఫద్దల్ మెట్ల వంక చూశాడు. మెట్లు ఆయన వంక చూశాయి. ఒక్క అడుగు వేశాడు. ఆ అడుగుతో ఆయన కాళ్ళ ఖజానా ఖాళీ అయింది. ఎడమపక్కకి ఒరిగి, నేను పీఠం వెనక నుంచి ఇంకా బయటికి రాకముందే, నా చోటులో చతికిలబడ్డాడు.

నేను ఉన్ని పట్టిన జుట్టుతో, డప్పు చేత్తో పట్టుకుని నిలబడ్డాను. రెండో పాటకు తాళం కావాలి. ఆయన నా పరుపును అరచేత్తో నొక్కి చూశాడు. ఇంకోసారి నొక్కాడు. ముఖం విప్పారింది.

"ఏంట్రా ఇది? ఎత్తుగా ఉంది! మెత్తగా ఉంది! ఇందులోంచి ఎప్పుడు కావాలంటే అప్పుడు లేవొచ్చు!"

"నాది నేనే కుట్టుకున్నాను. ఏటేటా ఉన్ని మారుస్తాను."

"దొంగా! ఇన్నేళ్ళూ పక్కనే పెట్టుకుని నాకు చెప్పలేదే!"

"ప్రతి వసంతం చెప్పాను సీ ముఫద్దల్. పందొమ్మిదిసార్లు."

"గట్టిగా చెప్పాలి."

ఆ రాత్రంతా నిలబడి వాయించాను. మర్నాడూ నిలబడే వాయించాను. నాలుగో రోజున కమిటీని అడిగితే, మాజీ నాయకుణ్ణి కూడా లేవమని అనకూడదని తేలింది. ఎప్పుడు కావాలంటే అప్పుడు లేవగలిగే ఆ మహానుభావుడు ఇప్పటిదాకా లేవలేదు. సాధన రోజుల్లో అందరికన్నా ముందొచ్చి కూర్చుంటాడు. తురయ్యా ఆరో పాట దగ్గరికి రాగానే నా వైపు చూసి కన్ను గీటుతాడు. "మోకాళ్ళ సంగతి ఎవరికైనా చెప్తే ఏమంటారు?" అని ఓసారి అడిగాను. "చెప్పుకో. కార్యదర్శి పుస్తకంలో లేదు కదా, ఎవడు నమ్ముతాడు?" అన్నాడు.

నమ్మినా నమ్మకపోయినా కొలత కొలతే. టేపు పెట్టి నేనే కొలిచాను. అరాయిష్ సంగీతోత్సవ వేదిక మీద, నాయకపీఠానికి ఎడమపక్క, సముద్రం కనిపించే దిక్కున, పందొమ్మిదేళ్ళు నా అనుభవంలో ఉండి నా చేయి జారిపోయిన భూమి: పొడవు మూడు జానల రెండు వేళ్ళు, వెడల్పు రెండు జానల ఏడు వేళ్ళు, పైన జానెడు మందం ఏకిన ఉన్నితో సహా.